ఉత్త మటన్ ఇయ్యం

మొన్న హనుమకొండలో మా దగ్గరి చుట్టాల పెళ్లి. అప్పటికే నేను బరువు తగ్గుదామని ఫీజు కట్టి ఒక డైట్ గ్రూపులో చేరి ఉన్నాను. రోజుకు 50 గ్రాముల లోపే కార్బ్స్, అంటే పిండిపదార్థాలు, అని గ్రూపు నడిపే మేడం రూలు. వంద గ్రాముల అన్నంలోనే దగ్గర దగ్గర 28 గ్రాములు ఉంటాయి. అందుకే బగారా అన్నం వైపు చూడకుండా ఖాళీ ప్లేటుతో మటన్ దగ్గరికి పోయాను.

గరిటె పట్టుకున్న పిల్లగాడు నా ప్లేటు చూశాడు, మొహం చూశాడు, మళ్లీ ప్లేటు చూశాడు.

“బగారా పెట్టించుకొని రాండి సార్.”

“అన్నం వద్దు తమ్మీ, మటన్ వెయ్.”

“ఉత్త మటన్ ఇయ్యొద్దన్నడు మా సేటు.”

ఇదేం చట్టమో! బగారా చూపించి మటన్ వేయించుకుని, ఆ బగారాను చెత్తడబ్బాలో పారేస్తే మాత్రం సేటుకు ఏ అభ్యంతరం లేదు. నాకు పౌరుషం వచ్చింది. పిండిపదార్థాన్ని ఒళ్లు గ్లైకోజెన్‌గా దాచుకుంటుందనీ, అది గ్రాముకు మూడు గ్రాముల దాకా నీళ్లు పట్టుకుంటుందనీ, అన్నం మానేస్తే ముందు దిగేది ఆ నీళ్లేననీ గుండిగ ముందు నిలబడి చెప్పాను. (మేడం ఈ ముక్క చెప్పలేదు. మొదటి వారం తగ్గిందంతా కొవ్వేనని గ్రూపులో చప్పట్లు కొట్టించింది.)

పిల్లగాడు ఓపిగ్గా విని, “నీళ్లు అటు ఉన్నయ్ సార్” అన్నాడు.

వెనక లైను గోల. అందులోంచి మా మామ గొంతు: “ఏందల్లుడా, షుగరొచ్చిందా?”

బ్యాండు ఆగిన క్షణంలోనే అనాలా ఆ మాట! వీడియో అతను లైటు ఇటు తిప్పాడు. స్టేజీ పక్కన ఎల్‌ఈడీ స్క్రీన్‌లో తలంబ్రాలు పోయి నా ఖాళీ ప్లేటు ప్రత్యక్షమైంది. ఒక చిన్నమ్మ మెంతులు నానబెట్టుకోమంది. ఇంకొకామె నేరేడు గింజల పొడి అంది. నేనెవరో కూడా తెలియని ఒక పెద్దాయన, కాళ్లకు పుండ్లేమైనా అయ్యాయా అని వంగి నా చెప్పుల వైపు చూశాడు.

చివరికి మామే నా ప్లేటు గుంజుకుని, బగారా పెట్టించి, దాని మీద మటన్ వేయించి తెచ్చాడు. అన్నం పక్కకు తోసి ముక్కలే తిన్నాను.

గ్రూపులో పూటపూటా ప్లేటు ఫొటో పెట్టాలి. పెట్టాను. మేడం అందరి ముందే అడిగింది: “ముక్కకు అంటుకున్న ఆ మెతుకులేంటి?”

వచ్చే నెల ఫీజు ఎవరు కడతారో చూస్తా.