కుడి ఊపిరితిత్తి మీది మచ్చగారికి

కుడి ఊపిరితిత్తి పైభాగంలో నివాసముంటున్న శ్రీ మచ్చగారికి,

ఉభయకుశలోపరి. 2018లో ఎక్కడున్నారో ఇప్పటికీ అక్కడే, పెరగకుండా, కదలకుండా, క్షేమంగా ఉన్నారని మొన్న గల్ఫ్ మెడికల్‌లో తెలిసింది. సంతోషం. నేను కూడా ఎక్కడివాణ్ని అక్కడే ఉన్నాను. కువైట్ వీసా పోయింది.

మీరు ప్రయాణానికి రాలేదు కాబట్టి చెప్తున్నా. కాదు, వచ్చారు లెండి, అదే కదా గొడవ. రాత్రి బస్సెక్కి తెల్లవారుజామున సికింద్రాబాద్ జేబీఎస్ బస్టాండులో దిగి, పరగడుపున మెడికల్ సెంటర్ ముందు నిలబడ్డాం. రక్తం తీశారు, కళ్లు చూశారు, బరువు చూశారు. అన్నీ బాగానే ఉన్నాయి. తర్వాత చొక్కా విప్పించి, చల్లటి పలకకు ఛాతీ ఆనించి, "గాలి పీల్చు, ఆపు" అన్నాడు ఎక్స్‌రే అబ్బాయి. వదలమని చెప్పడం మర్చిపోయాడు. నేను ఊపిరి బిగబట్టి అలాగే నిలబడితే, అతను ఫోన్ చూసుకుంటున్నాడు. గంట తర్వాత మళ్లీ పిలిచారు, ఇంకో ఫోజు కావాలట. మా పెళ్లి ఫొటోగ్రాఫర్ కూడా నన్ను రెండో ఫోజు అడగలేదు. రెండో ఎక్స్‌రేకి విడిగా డబ్బులు కట్టించుకున్నారు. 1895లో ఈ కిరణాలు కనిపెట్టిన రాంట్‌జెన్ పేటెంటు కూడా తీసుకోకుండా లోకానికి ఊరికే ఇచ్చేశాడట. ఆయనెప్పుడూ ఈ కౌంటర్ దగ్గరికి రాలేదు.

మర్నాడు పాస్‌పోర్టు నంబరు కొడితే ఫోన్‌లో ఒకటే మాట. అన్‌ఫిట్.

ట్రేడ్ టెస్ట్‌లో ఏసీకి గ్యాస్ నింపి, రాగి పైపు అతుకు పెట్టి, ఒక్క బుడగ లీకు లేకుండా చూపించిన మనిషిని నేను. నెలకు 170 దినార్లు, రూమ్ కంపెనీదే. ఏజెంటుగారు కూడా చాలా పద్ధతైన మనిషి. 30 వేలు, దాని మీద జీఎస్టీ, అంతకుమించి తీసుకోకూడదని ప్రభుత్వం రూలు పెట్టింది కదా, ఆ రూలును గౌరవించి సరిగ్గా అంతకే రశీదిచ్చాడు. మిగతాది చేతిలో తీసుకున్నాడు. ఇప్పుడు ఆ మిగతాది అడిగితే, ఏ మిగతాది అంటున్నాడు. రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన మిగతాది, స్వామీ.

సెంటర్ బయట చాయ్ బండి దగ్గర ఇంకో పెద్దమనిషి తగిలాడు. 15 వేలిస్తే ఫిట్ చేయిస్తాడట. ఎలా అంటే, ఎక్స్‌రే మారుస్తారట. అంటే నా పేరు మీద ఇంకెవరి ఊపిరితిత్తులో కువైట్ వెళ్తాయన్నమాట.

ఇవన్నీ మర్చిపోగలను. మిమ్మల్ని మర్చిపోలేకపోతున్నాను.

ఎందుకంటే మిమ్మల్ని సంపాదించుకోవడానికి నేను ఆరు నెలలు కష్టపడ్డాను. మూడు వారాలైనా దగ్గు తగ్గకపోతే ప్రభుత్వ ఆసుపత్రిలో తెమడ పరీక్ష చేసి టీబీ అన్నారు. ఒక్క రోజు మందు తప్పలేదు. మొదటిరోజు మూత్రం ఎర్రగా వస్తే రక్తమనుకుని చెమటలు పట్టాయి, మందు రంగని తర్వాత తెలిసింది. కడుపులో తిప్పినా మింగాను. ఆశా అక్క వచ్చి ఖాళీ అట్టలు లెక్కపెట్టుకుని పోయేది. పోషణ కింద నెలకు 500 బ్యాంకులో పడితే గుడ్లు తెచ్చుకుని తిన్నాను. చివరి పరీక్షలో క్రిమి లేదు. డాక్టరమ్మ ఎక్స్‌రేను లైటు ముందు పెట్టి, మిమ్మల్ని వేలితో చూపించి, "ఇది పుండు మానిన గుర్తు. దీంతో భయం లేదు. జీవితాంతం ఉంటుంది" అంది. భయం లేదన్న మాట విని ఇంటికొచ్చి పడుకున్నాను. జీవితాంతం అన్న మాట అప్పుడు చెవికెక్కలేదు.

ఆ చికిత్స కార్డును ఇన్నేళ్లూ ప్లాస్టిక్ కవర్లో దాచి, మొన్న కౌంటర్‌లో పెట్టాను. రెండు వేళ్లతో వెనక్కి తోశాడు. గల్ఫ్ రూల్సు ప్రకారం ఇప్పుడున్న టీబీ, ఎప్పుడో తగ్గిన టీబీ ఒకే వరుసలో ఉంటాయట. మానిన చోట మిగిలే మచ్చను ఫైబ్రోసిస్ అన్నా, సున్నంలా గట్టిపడితే కాల్సిఫికేషన్ అన్నా జవాబు ఒకటే. "తెమడ పరీక్ష చేయండి సార్, ఇప్పుడే ఇస్తా" అన్నాను. అక్కర్లేదన్నాడు. తెమడలో ఏముందో వాళ్లకు అనవసరం, ఫొటోలో ఏముందో కావాలి.

చాలు. ఇక గారూ లేదు, గీరూ లేదు. ఏమిరా మచ్చా, నా పదో తరగతి మెమోలో గుర్తింపు కోసం రెండు పుట్టుమచ్చలు రాశారు, ఒకటి మెడ మీద, ఒకటి మోచేతి దగ్గర. ఆ మెమో చూపిస్తేనే ఈసీఆర్ ముద్ర, అంటే గల్ఫ్‌కి పనికెళ్లాలంటే ముందు ప్రభుత్వ అనుమతి తెచ్చుకోవాలనే ముద్ర, లేని పాస్‌పోర్టు వచ్చింది. ఇంతవరకూ ఎవడూ చొక్కా తీసి ఆ మచ్చలు ఉన్నాయా అని చూడలేదు. ఏ కాగితంలోనూ లేని నిన్ను మాత్రం చొక్కా విప్పించి, ఊపిరి ఆపించి, డబ్బు కట్టించుకుని మరీ వెతికారు. రోగం తగ్గిందనడానికి నా ఒంట్లో ఉన్న ఒకే ఒక్క సాక్షివి నువ్వు. ఆ సాక్షినే తీసుకెళ్లి ముద్దాయిని చేశారు. నువ్వేమో నోరు తెరవవు! అక్కడే తెల్లగా, దూదిపింజలా కూర్చుంటావు. నడి ఎండలో మిద్దె మీదికి ఏసీ అవుట్‌డోర్ యూనిట్ భుజాన మోసుకెళ్లినప్పుడు నాకు ఆయాసం రాలేదే, అప్పుడు ఎక్కడ చచ్చావు? అప్పుడెందుకు చెప్పలేదు వీడు ఫిట్టేనని?

మా అమ్మ ముప్పై ఏళ్లుగా పొగాకు ధూళిలో కూర్చుని బీడీలు చుడుతోంది. ఆమెను మాత్రం ఇంతవరకూ ఎవరూ ఎక్స్‌రే అడగలేదు. రిపోర్టు సంగతి చెప్తే చాట పక్కన పెట్టి, "దానికి మందేమన్న ఇస్తరా బిడ్డా?" అంది.

"రోగం లేదే, మందెందుకు?"

"మరి రోగం లేకుంటె ఎందుకు పంపరు?"

ఈ ప్రశ్న నీకే వదిలేస్తున్నా, తీరిగ్గా ఆలోచించు, నీకు వేరే పనేముంది.

ప్రయాణం కోసమని రెండు డబ్బాల సకినాలు చేసింది. కువైట్‌లో రూమ్‌వాళ్లకు కూడా సరిపోవాలని లెక్క. ఇప్పుడు అవి నేనే తింటున్నా. ఇందాక ఒకటి కొరికితే పొడి గొంతుకు అడ్డంపడి దగ్గొచ్చింది. మామూలు దగ్గే. టీవీ చూస్తున్న మా ఆవిడ, చాట ముందు అమ్మ, గడపలో నిలబడ్డ పక్కింటాయన, అందరూ ఒక్కసారిగా నా వైపు తిరిగారు. నీళ్లు మాత్రం ఎవరూ ఇవ్వలేదు.

ఇట్లు,
నీ ఇంటి ఓనరు