‘ముందు డిస్కార్డ్ తెరవండి, మిగతాది తరవాత’ అన్న సలహాకు ఖండన

ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు (కోడ్‌ను అందరికీ అందుబాటులో ఉంచే ప్రాజెక్టు) మొదలుపెట్టే వారికి ఈమధ్య ఒక సలహా విరివిగా అందుతోంది. కోడ్‌ను గిట్‌హబ్‌లో పెట్టిన రోజే సభ్యులు చాట్ చేసుకోవడానికి ఒక డిస్కార్డ్ సర్వరో, స్లాక్ వర్క్‌స్పేసో తెరవాలట. కొత్తవారు సులువుగా చేరతారనీ, పైసా ఖర్చు లేదనీ, ప్రశ్నలకు అక్కడికక్కడే జవాబులు దొరుకుతాయి గనుక డాక్యుమెంటేషన్‌కు (వాడే విధానాన్ని రాసిపెట్టడానికి) తొందర లేదనీ, వేదిక నచ్చకపోతే తరవాత మార్చుకోవచ్చనీ, వచ్చేవారంతా సాంకేతిక నిపుణులే కాబట్టి నియమావళి వెంటనే అక్కర్లేదనీ దాని సారాంశం. తెలుగు అక్షరాలను తెరపై సరిగా చూపే ఒక చిన్న పనిముట్టును మరికొందరితో కలిసి నిర్వహిస్తున్న నేను మొదట్లో ఈ సలహానే తు.చ. తప్పకుండా పాటించాను.

ఇందులో మొదటి మాట నిజం. వీటికి ముందు ఇలాంటి ప్రాజెక్టులు విరివిగా వాడిన పాత చాట్ పద్ధతి ఐఆర్‌సీలో కనెక్షన్ తెగితే, ఆ వ్యవధిలో జరిగిన సంభాషణ మామూలుగా మళ్ళీ కనబడేది కాదు. అది కావాలనుకునేవారు బౌన్సర్ అనే మరో ప్రోగ్రామును నడుపుకోవలసి వచ్చేది. అంత శ్రమ కొత్తవారి చేత చేయించడం సబబు కాదు. మిగిలిన నాలుగు మాటలతోనే నాకు పేచీ.

ఖర్చు లేదన్నది ఈరోజుకు నిజమే గానీ, రేపటికి పూచీ ఎవరిది? స్లాక్ ఉచిత పథకంలో ఒకప్పుడు చివరి 10,000 సందేశాలు కనబడేవి. 2022 సెప్టెంబరు నుంచి ఆ హద్దు 90 రోజులైంది. 2024 ఆగస్టు నుంచి ఏడాది దాటిన సందేశాలను పూర్తిగా తొలగించడం మొదలైంది. సర్వర్లలో ప్రోగ్రాములను నడిపించే కుబర్నెటీస్ అంతటి పెద్ద ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుకే 2025 జూన్‌లో, స్లాక్‌లో తమకు ఉచితంగా అందుతున్న ప్రత్యేక సదుపాయం కొద్ది రోజుల్లో ఆగిపోతుందన్న కబురు అందింది. స్లాక్ ఆ నిర్ణయాన్ని తరవాత వెనక్కి తీసుకున్నా, ఈలోగా నిర్వాహకులు పాత సంభాషణలను భద్రపరచుకోవడం గురించీ, వేరే చోటికి తరలడం గురించీ హడావిడిగా ఆలోచించవలసి వచ్చింది.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది డాక్యుమెంటేషన్ గురించిన మాట. మా చాట్ గదిలో ఒక శనివారం రాత్రి ఒకాయన ‘వత్తు విడిపోతోందండీ’ అని ఒక స్క్రీన్‌షాట్ పెట్టారు. ‘విద్యార్థి’ అన్న పదంలో ద్యకారం విడిపోయి, దకారం మీద పొల్లూ, పక్కన యకారమూ విడివిడిగా కనబడుతున్నాయి. ఏ వెర్షన్, ఏ ఫాంట్, ఏ ఆపరేటింగ్ సిస్టమ్ అని రాబట్టేసరికే అర్ధరాత్రి దాటింది. అక్షరాలను, వత్తులను కలిపి చూపే పాత షేపింగ్ లైబ్రరీ వల్ల వచ్చిన చిక్కని చివరికి తేలింది. మూడు వారాల తరవాత మరొకరు అదే ప్రశ్న అడిగారు. మొదటి జవాబును వెతకబోతే, ప్రశ్న ఉన్నది బొమ్మలో, జవాబు ఉన్నది భోజనాల గురించిన కబుర్ల మధ్యన. గూగుల్‌కు ఆ గది లోపలిది ఏదీ కనబడదు కనుక, మూడో వ్యక్తి కూడా మా తలుపే తట్టాడు. తక్షణ జవాబు అడిగినవారి ఆకలి తీర్చింది గానీ, తరవాత వచ్చినవారికి ఏమీ మిగల్చలేదు.

ఈ చిక్కును కొంతవరకు వేదిక ఎంపికతోనే తగ్గించవచ్చు. జూలిప్ అనే మరో చాట్ వేదికలో ఛానెల్‌లోని ప్రతి సంభాషణకూ ఒక అంశం పేరు పెట్టే పద్ధతి ఉంది. రస్ట్ ప్రోగ్రామింగ్ భాష బృందాలు, నిరూపణలను సరిచూసే లీన్ అనే పనిముట్టును వాడే గణితజ్ఞులు దానిని వాడటంలో ఈ సౌకర్యం పాత్ర చిన్నది కాదని నా అభిప్రాయం. అయినా, తేలిన జవాబును అదేరోజు డాక్యుమెంటేషన్‌లో చేర్చే బాధ్యత ఎవరిదో ముందే నిర్ణయించకపోతే జూలిప్ కూడా చక్కగా సర్దిన పాత కాగితాల బీరువాగా మిగులుతుంది. (ఇరవై మంది సభ్యులకు పదిహేను ఛానెళ్ళు తెరిచే ఉత్సాహం గురించి వేరే చెప్పనక్కర్లేదు, మేమూ తెరిచాం, పన్నెండు మూసేశాం.)

తరవాత మార్చుకోవచ్చన్న మాటకు రెండు తరలింపులను పక్కపక్కన పెట్టి చూడాలి. 2021 మేలో, ఎన్నో ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులు వాడిన ఐఆర్‌సీ నెట్‌వర్క్ ఫ్రీనోడ్ యాజమాన్య వివాదంలో స్వచ్ఛంద నిర్వాహకులు మూకుమ్మడిగా తప్పుకొని లిబెరా చాట్ అనే కొత్త నెట్‌వర్క్‌ను నెలకొల్పారు. కొద్ది రోజులకే, కొత్త చోటి పేరును ప్రస్తావించిన వందలాది ఛానెళ్ళను ఫ్రీనోడ్ స్వాధీనం చేసుకుంది. ఏళ్ళ తరబడి అక్కడున్న ప్రాజెక్టులు తమ చిరునామాను ఉన్నపళాన మార్చుకోవలసి వచ్చింది. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ తయారుచేసే మొజిల్లా మాత్రం తన ఐఆర్‌సీని మూస్తామని 2019లోనే ప్రకటించి, తమకు ఏమేం కావాలో ముందు రాసుకొని, నాలుగు వేదికలను సభ్యుల చేత పరీక్షింపజేసి, సొంత సర్వర్‌లోనూ నడుపుకోగల మేట్రిక్స్‌ను ఎంచుకొని, 2020లో తరలింది. మార్చుకోవడం సాధ్యమే. అయితే, సందేశాలను బయటికి తీసుకునే వీలుందా, సొంత సర్వర్‌లో నడుపుకోవచ్చా అన్నవి చేరేటప్పుడే చూసుకున్నవారికి అది తేలిక.

ఇక నిపుణులకు నియమావళి ఎందుకన్న ప్రశ్న. స్పామ్ పంపే బాట్‌కు ఎదుటివారి నైపుణ్యంతో పనిలేదు. కొత్తగా వచ్చిన విద్యార్థిని ‘ఇది కూడా తెలియదా’ అని హేళన చేసేవారు నిపుణుల్లోనే ఎక్కువ. మా గదికి చాలాకాలం అడ్మిన్ నేనొక్కడినే. నేను రైలులో సిగ్నల్ లేకుండా ఉన్న ఒక రాత్రి మొత్తం క్రిప్టో ప్రకటనలు వచ్చిపడ్డాయి, తీసేసే అధికారం ఇంకెవరికీ లేదు. ఇప్పుడు ఆ అధికారం ముగ్గురికి ఉంది. ఒకరు డాలస్‌లో ఉంటారు గనుక, హైదరాబాద్ నిద్రపోయే వేళ గది ఆయన చూపులో ఉంటుంది.