హైదరాబాద్ హోటళ్లలో కొరత ఏ గదులకు?

హైదరాబాద్‌లో హోటల్ వ్యాపారం బాగుందా అని ఎవరైనా అడిగితే, ఏ ప్రాంతంలో, ఏ వారం అని ఎదురు అడగాలి. సోమవారం నుంచి గురువారం దాకా మాదాపూర్, గచ్చిబౌలి వైపు మంచి గది దొరకడం కష్టం. అదే గది శని, ఆదివారాల్లో చవకవుతుంది, ముహూర్తాలు లేకపోతేనే సుమా. పెళ్లివారు విడిది కోసం గదులన్నీ ఒక్కసారే పట్టేస్తే వారాంతం కూడా నిండిపోతుంది. మూఢమో ఆషాఢమో వచ్చిందంటే బాంకెట్ హాళ్లు పుట్టినరోజులతో, కంపెనీ విందులతో కాలక్షేపం చేయాల్సిందే. పెద్ద హోటళ్ల రాబడిని ఐటీ కంపెనీల క్యాలెండరు, మన పంచాంగం కలిసి నడిపిస్తున్నాయి.

విమానాశ్రయం బేగంపేటలో ఉన్నంతకాలం పెద్ద హోటళ్లకు బంజారాహిల్స్, సోమాజిగూడలే చిరునామా. 2006లో హెచ్‌ఐసీసీ అనే అంతర్జాతీయ సమావేశ కేంద్రం, 2008లో శంషాబాద్ విమానాశ్రయం వచ్చాక వ్యాపారం పడమటికి జరిగింది. అయితే అక్కడ నేల ధర చుక్కల్లో ఉంది. 2023 ఆగస్టులో కోకాపేట వేలంలో ఎకరం 100.75 కోట్లు పలికింది. ఆ ధర పెట్టిన వాడు హోటల్ ఎందుకు కడతాడు? ఫ్లాట్లయితే పునాది దశలోనే అమ్ముడవుతాయి, ఆఫీసు టవరైతే ఏళ్ల తరబడి అద్దె ఖాయం. హోటల్ కట్టడానికే మూడు నాలుగేళ్లు, నిలదొక్కుకోవడానికి ఇంకొన్నేళ్లు. కట్టే కొద్దిమందీ ఖరీదైన గదులే కడతారు. కాబట్టి పై తరగతి హోటళ్లకు రాబోయే కొన్నేళ్లూ మంచి రోజులేనని నా అంచనా. గిరాకీ పెరిగినంత వేగంగా గదులు పెరగవు.

అసలు కొరత రెండు మూడు వేల రూపాయల గదికి. అమెరికా కాన్సులేట్ 2023లో నానక్‌రామ్‌గూడకు మారింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, ఒడిశా వాళ్లు వీసా ఇంటర్వ్యూకు ఎక్కువగా అక్కడికే వస్తారు. వేలిముద్రలు ఇవ్వాల్సింది వేరే చోట, హైటెక్ సిటీ మెట్రో స్టేషన్ కింది అంతస్తులో. డాలస్‌లో ఉన్న కూతురి పురిటికి వెళ్లాలనుకునే గుంటూరు దంపతులకు ఈ రెండు పనులకూ ఒకటి రెండు రాత్రుల బస తప్పదు. పరీక్షల ఫలితాల కోసం ఆస్పత్రి చుట్టూ తిరిగే కరీంనగర్ రైతు కుటుంబానిదీ ఇదే అవసరం. పనిచేసే లిఫ్టు, వేడినీళ్లు, శుభ్రమైన దుప్పటి, కింద ఇడ్లీ దొరికే చోటు ఉంటే చాలు. వాళ్లకు దొరుకుతున్నవేమో హాస్టల్‌కు రంగు వేసి హోటల్ బోర్డు తగిలించిన భవనాలు, యాప్‌లో ఫొటో ఒకటీ లోపల గది ఒకటీ.

ఈ లోటును ఎవరూ ఎందుకు పూడ్చడం లేదు? నేల ధరతో పాటు పన్ను లెక్క కూడా అడ్డుగా ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి 7,500 రూపాయల వరకున్న గదులపై జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. వినడానికి బాగానే ఉంది. 2,500 రూపాయల గదికి అతిథి గతంలో 2,800 చెల్లించేవాడు, ఇప్పుడు 2,625. మిగులు 175. కానీ దీనితో యజమానికి ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్, అంటే తన ఖర్చులపై కట్టిన జీఎస్టీని తాను చెల్లించాల్సిన పన్నులోంచి తగ్గించుకునే వీలు, పోయింది. ఒక్కో గదిపై బుకింగ్ సైటు కమీషన్ 500, భవనం అద్దె వాటా 500 అనుకుందాం. వాటిపై 18 శాతం చొప్పున కట్టే 180 రూపాయలను ఇదివరకు సర్దుబాటు చేసుకునేవాడు. ఇక అది అతని ఖర్చే. సొంత భవనం ఉన్న పాత లాడ్జికి పెద్ద దెబ్బ తగలదు. అద్దె భవనంలో కొత్తగా మొదలుపెట్టేవాడే నలుగుతాడు. మనకు కావలసిందేమో అతనే. చివరికి అతను గది ధర పెంచితే అతిథికి మిగిలిందీ కరిగిపోతుంది.

7,500 గీత దగ్గర ఇంకో చిక్కు ఉంది. గది 7,500 అయితే బిల్లు 7,875. 7,600 అయితే పన్ను 18 శాతం, బిల్లు 8,968. అంతటితో ఆగదు. ఏడాదిలో ఒక్క గదినైనా 7,500 దాటి ఇస్తే, ఆ హోటల్లోని రెస్టారెంట్‌కు మరుసటి ఆర్థిక సంవత్సరమంతా 18 శాతం పన్ను వర్తిస్తుంది. హైటెక్స్ ప్రదర్శనశాలలో పెద్ద ప్రదర్శన జరిగే వారం గిరాకీ ఎంత ఉన్నా, భోజనాల వ్యాపారం మీద బతికే మధ్యశ్రేణి హోటల్ వెనకాడక తప్పదు. రోజువారీ గిరాకీని బట్టి ధర మార్చుకోవడం హోటల్ వ్యాపారానికి ప్రాణం. ఆ ప్రాణం మీదే ఈ నిబంధన కూర్చుంది.

ఇక ప్రమాదాల సంగతి. పై తరగతి హోటళ్లు ఐటీ ప్రయాణాల మీద మరీ ఎక్కువగా ఆధారపడ్డాయి. కంపెనీలు ప్రయాణ ఖర్చు తగ్గించుకుంటే ముందు ఖాళీ అయ్యేవి మంగళవారం గదులే. చార్మినార్ చూసి సాయంత్రానికి వెళ్లిపోయే పర్యాటకుడు ఆ లోటు తీర్చలేడు. అతన్ని మరో రాత్రి నిలబెట్టేలా పాతబస్తీలో బస ఏర్పాట్లు పెరగలేదు. ఫలక్‌నుమా ప్యాలెస్ ఉంది కానీ, దాని 60 గదులు అందరికీ అందేవి కావు.

నేల వేలం ప్రభుత్వం చేతిలో ఉంది గనుక మొదటి అడుగు అక్కడే పడాలి. మెట్రో ప్రస్తుతం రాయదుర్గం దగ్గర ఆగుతోంది. దాన్ని పొడిగించేటప్పుడు స్టేషన్ల పక్కన, పెద్ద ఆస్పత్రుల దగ్గర అర ఎకరం చొప్పున స్థలాలను వేలానికి పెట్టకుండా, గది ధరకు పరిమితి విధించి దీర్ఘకాలిక లీజుకు ఇవ్వాలి. ఖజానాకు కొన్ని కోట్లు తగ్గవచ్చు. ఎకరం వంద కోట్లకు అమ్మిన చోట మాత్రం రెండు వేల గది ఎప్పటికీ రాదు.