బైనరీ సెర్చ్ గారి దివ్యసముఖమునకు

క్రమంలో పేర్చిన అంకెల్లో కావాల్సినదాన్ని, ప్రతిసారీ సగం పక్కన పడేస్తూ వెతికిపెట్టే మహారాజశ్రీ బైనరీ సెర్చ్ గారికి నమస్కరించి రాయునది.

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను గానీ, ఇక్కడ కుశలమేమీ లేదు. నిన్న సాయంత్రం ఉద్యోగం ఇంటర్వ్యూ నాలుగో రౌండ్‌లో తమరి మూలంగానే పోయాను.

తమరిని కోడ్‌గా రాయమని ఖాళీ ఎడిటర్ ఇచ్చారు. రన్ బటన్ లేదు. "ఆలోచించేది పైకి చెబుతూ రాయండి" అని ఇంటర్వ్యూయర్ గారు కెమెరా ఆపేసుకున్నారు. నల్లటి డబ్బాకు కథ చెబుతున్నట్టు చెబుతూ రాశాను. వెతికే భాగంలో మొదటి స్థానం "లో", చివరిది "హై"; రెండూ కూడి, సగం చేస్తే నడిమి స్థానం, "మిడ్". ఆయనిచ్చిన పది అంకెల వరుస, అంటే అర్రే, మీద చేత్తో నడిపి చూపించాను, సరిపోయింది. అవతల కీబోర్డు టకటకలు. కాసేపటికి ఒక్క ముక్క: "ఓవర్‌ఫ్లో అయితే?"

తెలుసండీ. 32 బిట్ల ఇంటీజర్‌లో ఆ కూడిక 214 కోట్లు దాటితే మైనస్‌లోకి తిరగబడుతుంది. రెంటి తేడాలో సగం తీసి "లో"కి కలపాలి. కానీ అది జరగాలంటే అర్రేలో వంద కోట్లకు పైగా ఉండాలి. నా దగ్గరున్నవి పది!

జావా భాషతో వచ్చే రెడీమేడ్ కోడ్, అదే లైబ్రరీలోనే ఈ తప్పు తొమ్మిదేళ్లో ఎన్నో హాయిగా పడుకుంది. ఆ కోడ్ రాసిన జాషువా బ్లాక్ గారే 2006లో బయటికి చెప్పుకున్నారు. ఆయన పరువేం పోలేదు. అసలు తమరు మొదట అచ్చయింది 1946లో, తప్పుల్లేకుండా అచ్చయ్యేసరికి 1960లు వచ్చాయి. పండితులకు అన్నేళ్లు పట్టింది. నాకిచ్చింది 45 నిమిషాలు, అందులో పది ఆయన కంపెనీ గొప్పలకే పోయాయి.

ఇక గారూ లేదు, గీరూ లేదు. ఎనిమిదేళ్లుగా ఉద్యోగం చేస్తున్నాను, ఒక్కరోజైనా నిన్ను చేత్తో రాశానా? లైబ్రరీలో ఒక్క లైనుతో పిలిస్తే పలుకుతావు. ఉద్యోగంలో అక్కర్లేని నిన్ను ఉద్యోగం కోసం మూడు వారాలు రాత్రిళ్లు బట్టీ పట్టాను. పొద్దున్నే మెయిల్: "మరొకరితో ముందుకెళ్తున్నాం." ఎందుకో చెప్పరు.

ముప్పావుగంటలో కోట్లమంది వాడే చాట్ యాప్ గీయమన్న సిస్టమ్ డిజైన్ రౌండ్‌కూ, నాలుగు గంటల పనేనని చెప్పి శని ఆదివారాలు రెండూ మింగిన, ఇంట్లో చేసివ్వమనే టేక్‌హోమ్ పరీక్షకూ విడిగా రాస్తాను. "మీ బలహీనత ఏమిటి" అనే హెచ్ఆర్ ప్రశ్నకు ఉత్తరం కూడా దండగ.

అయినా ఒక మాట ఒప్పుకోవాలి. పోయిన నెల రాత్రి రెండింటికి ప్రొడక్షన్‌లో పేమెంట్లు ఆగాయి. అంతకుముందు రిలీజ్ బాగానే ఉంది, మధ్యలో దాదాపు వెయ్యి కమిట్లు, అంటే కోడ్‌లో చేసిన మార్పులు. చెడగొట్టిన మార్పును సగం సగం చేస్తూ వెతికే గిట్ బైసెక్ట్ కొట్టాను. అదీ నువ్వే కదా, వేషం మార్చుకుని! వెయ్యి ఐదొందలైంది, ఐదొందలు రెండొందల యాభై అయ్యాయి, పదోసారికి దొంగ దొరికాడు. నిద్రమత్తులోనే నీకు దండం పెట్టాను.

కమిట్ తెరిస్తే కింద నా పేరే ఉంది.

నిన్న "మీకు ఎదురైన కష్టమైన బగ్ చెప్పండి" అంటే ఇదే చెప్పాను, ఆ చివరి ముక్క తప్ప.

ఇట్లు,
పదోసారికి దొరికినవాడు