పిల్లల సంఖ్య కాదు, పైకప్పు పరిస్థితి చూడండి

2025 జూలై 25న రాజస్థాన్‌లోని ఝాలావాడ్ జిల్లా పిప్లోదీలో ప్రభుత్వ పాఠశాల పైకప్పు కూలి ఏడుగురు పిల్లలు చనిపోయారు. వెంటనే పాఠశాలల భద్రతను తనిఖీ చేయాలని కేంద్రం అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. కానీ ఏ గది కురుస్తోందో, ఏ స్లాబు పెచ్చులూడుతోందో అక్కడి ఉపాధ్యాయులకూ తల్లిదండ్రులకూ తనిఖీకి ముందే తెలుసు. తేలవలసింది డబ్బు సంగతి, అది ముందు ఎవరికి దక్కాలన్న సంగతి.

తెలంగాణలో 2022లో ‘మన ఊరు - మన బడి’ మొదలైనప్పుడు 26,065 బడులను మూడు దశల్లో బాగుచేస్తామని, రూ.7,289 కోట్లు ఖర్చు చేస్తామని ప్రకటించారు. విద్యార్థులు ఎక్కువగా ఉన్న 9,123 బడులను తొలి దశకు ఎంచుకున్నారు. ఎక్కువమందికి మేలు జరుగుతుంది కనుక ఇది పైకి న్యాయంగానే కనిపిస్తుంది. అయితే ఆసిఫాబాద్ జిల్లాలోని ఏదో ఒక గూడెంలో ఇరవై మంది చదివే బడి, దాని గోడ ఎంత నెర్రెలిచ్చినా, ఈ కొలత ప్రకారం ఎప్పటికీ చివరి వరుసలోనే ఉంటుంది. పైగా శిథిలమైన గదుల స్థానంలో కొత్తవి కట్టడమన్నది ఆ పథకంలోని పన్నెండు అంశాల్లో ఒకటి మాత్రమే. రంగులు, ఫర్నిచర్, ప్రహరీ గోడ కూడా అదే జాబితాలో ఉన్నాయి. ప్రాణాపాయాన్నీ రంగులనూ ఒకే పద్దులో పెట్టడం నాకు ఏమాత్రం సమ్మతం కాదు.

ఆంధ్రప్రదేశ్‌లో ‘నాడు-నేడు’ తొలి దశ 15,715 బడుల రూపురేఖలు మార్చిన మాట నిజం. రెండో దశలో మొదలుపెట్టిన అదనపు తరగతి గదులు మాత్రం చాలాచోట్ల మధ్యలోనే ఆగిపోయాయి.

పదిహేను మంది కోసం అన్ని లక్షలెందుకు, పక్క ఊరి బడిలో కలిపేయవచ్చు కదా అని వాదించేవారున్నారు. వానాకాలంలో వాగు పొంగితే ఏజెన్సీలో ఆ పక్క ఊరికి దారే ఉండదు. 2004లో తమిళనాడులోని కుంభకోణం పట్టణంలో ఒక బడిలో మంటలు చెలరేగి 94 మంది పిల్లలు బలైన తర్వాత దాఖలైన వ్యాజ్యంలో, సురక్షితమైన బడిలో చదువుకోవడం విద్యాహక్కులో భాగమేనని సుప్రీంకోర్టు 2009లో స్పష్టం చేసింది. ఆ హక్కుకు హాజరుపట్టీలోని సంఖ్య షరతు కాదు.

అందువల్ల ప్రమాదకర భవనాల కూల్చివేతకు, పునర్నిర్మాణానికి రాష్ట్ర బడ్జెట్‌లో విడిగా నిధి పెట్టాలి. అందులో తొలి వాటా పేద జిల్లాలకే దక్కాలి. గనులున్న జిల్లాల్లో, గనుల లీజుదారులు చెల్లించే సొమ్ముతో ఏర్పడే జిల్లా ఖనిజ నిధిని దీనికి జతచేయవచ్చు. విద్య ఆ నిధి ప్రాధాన్యాల్లో ఒకటి. కూల్చివేతకు అనుమతినిచ్చే ఉత్తర్వులోనే, కొత్త గది పూర్తయ్యేదాకా పిల్లలు కూర్చునేందుకు సురక్షితమైన అద్దె గదికి సొమ్ము కూడా మంజూరు చేయాలి.