పటమటలో సముద్రం

నిన్న మధ్యాహ్నం నుంచి మూడంతస్తులూ మెట్లెక్కే వెళ్తున్నాను. ఆరోగ్యం కోసం కాదు. లిఫ్టులో ఎవరైనా తోడైతే "నీళ్లు బాగా తాగుతున్నావా బాబూ?" అని అడుగుతున్నారు. ఎందుకడుగుతున్నారో చివరిదాకా చదివితే తెలుస్తుంది.

ముందు సంగతులు గబగబా చెప్పేస్తాను. విజయవాడ పటమటలో మా ఫ్లాటు. హాల్లో ఉప్పునీటి ట్యాంకు ఉంది. అయిదడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు, అంటే సుమారు 560 లీటర్లు. అందులో రెండు క్లౌన్ చేపలు, పసుపు టాంగ్ చేప ఒకటి, కొన్ని మెత్తని రకం పగడాలు, అద్దాల మీద నాచు తినిపెట్టే నత్తలు. కింద అరలో ఇంకో చిన్న తొట్టి ఉంటుంది, దాన్ని సంప్ అంటారు. (అపార్టుమెంటు సంపు కాదు. ఈ తేడా మా సెక్రటరీ గారికి నాలుగేళ్లుగా చెబుతూనే ఉన్నాను.) పైనుంచి పొర్లిన నీళ్లు సంప్‌లోకి దిగి, శుభ్రపడి, పంపుతో మళ్లీ పైకి వెళ్తాయి.

కరెంటు పోయి పంపు ఆగితే అసలు చిక్కు. నీళ్లను పైకి మోసుకెళ్లే పైపే ఉల్టా తిరిగి, సైఫన్‌లాగా ట్యాంకును కిందికి లాగేస్తుంది. అలా జరగకుండా నీటిమట్టానికి కాస్త కింద పైపుకి ఒక బెజ్జం పెడతాం. మట్టం అక్కడిదాకా దిగగానే గాలి దూరి సైఫన్ తెగిపోతుంది. అగ్గిపుల్ల తల పట్టేంత బెజ్జం. నా పరువు ఇన్నాళ్లూ దాంట్లోంచే ఊపిరి పీలుస్తోందని నాకు తెలీదు.

నిన్న ఆ బెజ్జం మీద నత్త కూర్చుంది.

చెట్ల కొమ్మలు కొట్టాలి కాబట్టి 9 నుంచి 11 దాకా కరెంటు ఉండదని ముందే మెసేజీ వచ్చింది. (కరెంటు తిరిగి వచ్చింది ఒకటిన్నరకి. ఆ చెట్టేదో చూడాలని ఉంది.) ఇన్వర్టర్ మీద గాలి పంపు నడుస్తోంది కదా, చేపలకేం ఢోకా లేదు అనుకుని స్నానానికి వెళ్లాను. మా ట్యాంకులో అంగుళం నీళ్లు దిగితే 23 లీటర్ల పైమాటే. పైపు మూతి అయిదంగుళాల లోతులో ఉంది. సంప్‌లో ఖాళీ ఉన్నది 50 లీటర్లకే. మిగిలిన లెక్క నేను స్నానం చేసి వచ్చేసరికి హాలు గచ్చు మీద తేలింది. ఇంట్లో ఉన్న తువ్వాళ్లన్నీ పరిచాం, పిండాం, తుడిచాం. అయిపోయిందనుకున్నాం.

గంట తర్వాత వాచ్‌మన్ వచ్చాడు. "సార్, కింద ఆంటీ గారు రమ్మంటున్నారు. ఊరికే కాదు సార్, కోపంగా."

కింద చూసిన దృశ్యం ఇంకా కళ్లముందే ఉంది. ఇది ఆవకాయ సీజను. ఆంటీ ముందురోజే పటమట రైతుబజారులో పాతిక కాయలు కొట్టించుకొచ్చి, ముక్క ముక్కా పొడిగుడ్డతో తుడిచి, హాలు మధ్యలో పాత నేత చీర పరిచి, సరిగ్గా ఫ్యాను కింద ఆరబెట్టారు. ఆవకాయ ముక్కకి తడి తగలకూడదని పుట్టినప్పటి నుంచీ వింటూ పెరిగినవాణ్ణి. ఆ ఇంట్లో ఆవకాయ రోజు తడిచేత్తో ఎవరూ గడప దాటరు. అలాంటి ముక్కల మీద, ఆగిపోయిన ఫ్యాను కప్పులోంచి, టప్... టప్... అని నా ట్యాంకు కారుతోంది.

"ఏం బాబూ, పైన మీ బాత్రూం పగిలిందా?"

"కాదాంటీ, అది సముద్రపు నీళ్లు."

ఆవిడ కాసేపు ఆలోచించారు. "సముద్రం బందరులో కదా ఉండేది?"

ఈలోగా సెక్రటరీ గారు వచ్చారు, వెంట ప్లంబరు. ఈ ప్లంబరుకి ఏ చుక్క చూపించినా ఒకటే మాట, టైల్స్ పగలగొట్టాలి. తల పైకెత్తకుండానే "బాత్రూం లైనే సార్, టైల్స్ లేపాల్సిందే" అన్నాడు. సెక్రటరీ గారు అప్పుడే ఫోన్ తీసి లెక్కలు వేస్తున్నారు. నా బాత్రూం పోతోంది. అప్పుడు నాకు సైన్సు గుర్తొచ్చింది.

పైకి పరిగెత్తి రిఫ్రాక్టోమీటర్ తెచ్చాను. జానెడు గొట్టం, ఒక కొసన ఏటవాలు గాజుపలక, రెండో కొసన కన్ను పెట్టుకునే రబ్బరు. పలక మీద రెండు చుక్కలు వేసి మూత పెట్టి వెలుతురు వైపు చూస్తే లోపల పైన నీలం, కింద తెలుపు కనిపిస్తాయి. రెండూ కలిసిన గీత ఏ అంకె దగ్గరుంటే నీళ్లు అంత చిక్కన, చిక్కదనాన్ని బట్టి ఉప్పు లెక్క. స్టూలెక్కి ఫ్యాను కప్పు నుంచి డ్రాపర్‌తో చుక్కలు పట్టాను. బాల్కనీలో నిలబడి చూశాను. గీత గీసినట్టు 1.026. సముద్రమంటే ఇది! లీటరుకి 35 గ్రాముల ఉప్పు! ఏ బాత్రూం నీళ్లకి వస్తుందండీ ఇది, అని గొట్టం అందరికీ ఇచ్చాను.

వరసలో నిలబడి చూశారు, నిజం. సెక్రటరీ గారు మొదట తిరగేసి పట్టుకుని "చీకటిగా ఉందండీ" అన్నారు. ఆంటీకి ఒక కన్ను మూస్తే రెండోదీ మూసుకుపోతోంది, మనవడు చెయ్యి అడ్డం పెట్టాడు. ప్లంబరు చాలాసేపు చూసి "లెవెల్ మాత్రం కరెక్టుగా ఉంది సార్" అన్నాడు. ఆ ఒక్క నిమిషం నేను గెలిచాను.

అప్పుడు నాలుగో అంతస్తు అంకుల్ దిగారు. ముప్పై ఏళ్లు ఆసుపత్రి ల్యాబులో పనిచేసి రిటైరైన మనిషి. గొట్టాన్ని చూడగానే చిన్ననాటి స్నేహితుడు కనబడినట్టు ముఖం విప్పారింది.

"ఎంతొచ్చింది?"

"1.026 అంకుల్."

"మూత్రానికి 1.005 నుంచి 1.030 దాకా ఉంటుందయ్యా. మా ల్యాబులో అచ్చం ఇలాంటి గొట్టంతోనే చూసేవాళ్లం."

హాల్లో ఎవరూ మాట్లాడలేదు. టప్ అని ఇంకో చుక్క పడింది. ఆంటీ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. మనవడు చేతులు నిక్కరుకి తుడుచుకున్నాడు. ప్లంబరు నావైపు జాలిగా చూశాడు. అంకుల్ మాత్రం నా భుజం తట్టి, "1.026 అంటే కొంచెం చిక్కనే. ఎండలు చూస్తున్నావుగా, నీళ్లు బాగా తాగుతుండు" అన్నారు.

అక్కడితో ఊరుకుని ఉండాల్సింది. ఆ చుక్కని వేలితో తీసి నాలిక మీద రాసుకున్నాను. "చూడండి, ఉప్పగా ఉంది!" అని అరిచాను. ఉప్పగా ఉండటం ఏ పక్షానికి సాక్ష్యమో ఆ క్షణంలో తట్టలేదు. అదీ చాలక, "అయినా ఆంటీ, ఆవకాయలో ఎలాగూ ఉప్పు వేస్తారుగా" అన్నాను. మా ఆవిడ అప్పటిదాకా నా వెనకే ఉంది. తిరిగి చూస్తే లేదు.

చివరికి అందర్నీ పైకి తీసుకెళ్లి, అయిదంగుళాలు దిగిన ట్యాంకునీ, పైపునీ, దాని మీద ఇంకా నింపాదిగా కూర్చున్న నత్తనీ చూపించాను. సెక్రటరీ గారు ముక్కు అద్దానికి ఆనించి చూశారు. "నత్త వల్ల లీకేజీ అని మినిట్స్‌లో ఎలా రాయనండీ?" అన్నారు. జనరేటరు నుంచి ఒక్క పాయింటు ఇప్పించండి మహాప్రభో అని రెండేళ్లుగా ఈయన్నే అడుగుతున్నాను. "ఒకరికిస్తే అందరూ అడుగుతారు" అంటారు, అందరి హాళ్లలోనూ పగడాలు విచ్చుకుని కూర్చున్నట్టు. సాయంత్రం గ్రూపులో ఆయన పెట్టిన మెసేజీ ఇది: "మూడో అంతస్తు నుంచి ద్రవం కారిన విషయం విచారణలో ఉంది." ద్రవమట! నీళ్లు అనడానికి ఏం పోయిందో!

చేపలు బాగానే ఉన్నాయి. పైపుకి రెండో బెజ్జం పెట్టాను. పొద్దున్నే రైతుబజారుకి వెళ్లి, పాతిక కాయలు టెంకతో సహా కొట్టించి, పొట్లాలు గుండెకి హత్తుకుని తెచ్చిచ్చాను. ఆంటీ గుమ్మంలోనే తీసుకున్నారు. "చేతులు కడుక్కున్నావా?" అన్నారు, అంతే.

ఇందాకే నాలుగో అంతస్తు నుంచి ఫోనొచ్చింది. "బాబూ, ఆ గొట్టం ఒక్కపూట ఇస్తావా? షుగరొచ్చినప్పటి నుంచి నాది కూడా ఓసారి చూసుకుందామనుంది" అంటున్నారు అంకుల్.

నా సముద్రాన్ని కొలుచుకునేది అదొక్కటే. ఏం చెప్పాలో తెలీక "చార్జింగ్ అయిపోయిందంకుల్" అనేశాను. దానికి బ్యాటరీయే ఉండదని ఆయనకి నాకంటే బాగా తెలుసు.