ఫ్యాన్ తిరిగితే బండి వణుకుతోందా? మోటారు కొనే ముందు ఇది చదవండి

"రేడియేటర్ ఫ్యాన్ ఆన్ అయినప్పుడు ఐడ్లింగ్‌లో (బండి నిలబడి ఇంజన్ నడుస్తున్నప్పుడు) బండి వణికిందంటే ఫ్యాన్ మోటారు చచ్చినట్టే. కొత్తది వేయించండి. డబ్బుల్లేకుంటే ఫ్యాన్‌ను తాళం చెవికి డైరెక్ట్ చేయండి, స్లో స్క్రూ పెంచండి, థర్మోస్టాట్ పీకేయండి. మన ఎండలకు కూలెంట్ దండగ, నీళ్లు చాలు." ఈ వాయిస్ మెసేజీ కడపలో డ్రైవర్ల గ్రూపుల్లో తెగ తిరుగుతోంది. ఏడు రోడ్ల సర్కిల్ దగ్గర టీ తాగుతుంటే ముగ్గురు ఫోన్ తీసి నాకే వినిపించినారు. కార్ల కరెంటు పని చేసి బతికేవాణ్ణి, ఊరకుండలేక రాస్తున్నా.

మొదటి మాట, వణికితే మోటారు పోయినట్టే అన్నది. చేన్లో బోరు మోటారు ఆన్ చేస్తే షెడ్డులో బల్బు ఒక్క క్షణం డిమ్మయి మళ్లీ వెలుగుతుంది. అంతమాత్రానికి మోటారు పైకి లాగిస్తామా? చిన్న కారు ఫ్యాన్ సుమారు 10 నుంచి 20 ఆంప్‌ల కరెంటు లాగుతుంది. తిరగడం మొదలైన క్షణంలో ఇంకా చాలా ఎక్కువ. 15 ఆంప్‌లు, 14 వోల్టులు అనుకుంటే 210 వాట్లు. మనం డైనమో అని పిలిచే ఆల్టర్నేటర్‌లో పోయే నష్టం కూడా కలిపితే బెల్టు మీద పడే బరువు దగ్గరదగ్గర అర హెచ్‌పీ, అంటే సంపులో నీళ్లు మిద్దె మీదికి ఎక్కించే మోటారంత. 750 ఆర్‌పీఎం దగ్గర తిరుగుతున్న ఇంజన్ మీద ఆ బరువు ఉన్నట్టుండి పడితే మీటరులో ఆర్‌పీఎం ముల్లు కొంచెం దిగుతుంది. ఇంజన్‌ను నడిపే కంప్యూటర్ పెట్టె, అంటే ఈసీయూ, గాలి కాస్త ఎక్కువ వదిలి, స్పార్క్ టైమింగ్ సర్ది, ఒకటి రెండు సెకన్లలో నిలబెడుతుంది. దీనికి రిపేరు అక్కర్లేదు.

ముల్లు దిగి తేరుకోకపోతే, పైకీ కిందికీ ఊగుతా ఉంటే, బండి ఆగిపోతే అప్పుడు చూడాలి. దానికీ ముందు ఒక పరీక్ష ఉంది, పైసా ఖర్చు లేదు. ఇంజన్ వేడెక్కినాక, ఫ్యాన్ తిరగనప్పుడు, ఏసీ ఆపి హెడ్‌లైట్లు హైబీమ్‌లో వేసి బ్లోయర్ ఫుల్లు పెట్టండి. ఇది కూడా ఇంచుమించు ఫ్యానంత లోడే. దీనికీ బండి వణికితే ఫ్యాన్‌కు సంబంధం లేదు. ఇంజన్‌లోకి గాలి వదిలే థ్రాటిల్ బాడీలో కార్బన్ పేరుకుందేమో, గాలి పైపు ఎక్కడన్నా పగిలిందేమో, బెల్టు లూజుందేమో చూసుకోవాలి. ఫ్యాన్‌కు మాత్రమే వణికితే అప్పుడు వైరు చుట్టూ తగిలించి కరెంటు కొలిచే క్లాంప్ మీటరు పెట్టి అది ఎంత కరెంటు లాగుతోందో కొలవాలి. బుష్ పట్టేసిన మోటారు ఎక్కువ లాగుతుంది, ఆ మాట నేనూ ఒప్పుకుంటా. కొలవకుండా చెప్పడమే తప్పు.

ముల్లు కదలకుండా స్టీరింగ్ మాత్రం వణికితే అది కరెంటు సమస్యే కాదు. ఫ్యాన్ రెక్క విరిగి ఉంటుంది, లేదా ఇంజన్‌ను పట్టుకునే రబ్బరు దిమ్మలు, అంటే మౌంటింగులు, అరిగి ఉంటాయి. మెసేజీలో ఆయన ఈ రెండు వణుకులనూ ఒకే గాట కట్టేసినాడు.

ఇంకొకటి, కూలెంట్ టెంపరేచర్ సెన్సార్, అంటే ఇంజన్‌ను చల్లబరిచే కూలెంట్ ఎంత వేడిగా ఉందో చెప్పేది. ఫ్యాన్ ఎప్పుడు తిరగాలో, పెట్రోలు ఎంత పోయాలో రెండూ ఈసీయూ దాన్ని చూసే తేల్చుకుంటుంది. అది పాడైతే చాలా కార్లలో ఇంజన్ కాలిపోకుండా ఫ్యాన్ ఆగకుండా తిరుగుతుంది, ఇటు పెట్రోలు లెక్కా తప్పుతుంది. చూసేవాళ్లకు ఫ్యాన్ వల్లే వణికినట్టు ఉంటుంది. రాత్రంతా ఆపిన బండికి పొద్దున్నే ఈసీయూ లెక్కలు చదివే స్కానర్ పెట్టండి. కూలెంట్ వేడి, లోపలికి పోయే గాలి వేడి దాదాపు ఒకటే చూపాలి. ఒక బండిలో కూలెంట్ మైనస్ 40 చూపింది. కడపలో మైనస్ 40! వైరు తెగితే అట్లే చూపుతుంది.

మొన్న ఒక టాక్సీ వచ్చింది. మెసేజీ విని ఆ అన్న అప్పటికే కొత్త మోటారు వేయించినాడు, వణుకు పోలేదు. ఫ్యాన్ ఆన్ కాగానే బ్యాటరీ దగ్గర వోల్టేజీ 12.4కు పడి అక్కడే నిలిచింది. 13.5 పైన ఉండాల్సింది. మీటరు ఒక మొన బ్యాటరీ మైనస్ మీద, ఇంకోటి ఇంజన్ మీద పెడితే ముప్పావు వోల్టు తేడా. 0.2 దాటినా అనుమానపడాల్సిందే. ఇంజన్ ఎర్త్ వైరు బోల్టు దగ్గర పచ్చగా చిలుమెక్కి ఉంది. గీకి బిగిస్తే వణుకు పోయింది.

రెండోది, తాళం చెవికి డైరెక్ట్ చేయడం. ఇది ప్రమాదం. ఇగ్నిషన్ స్విచ్ అంత కరెంటు మోసేదానికి చేసింది కాదు. అందుకే కంపెనీవాళ్లు రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్ చేసే స్విచ్), ఫ్యూజు పెడతారు. అవి లేకుండా లాగితే స్విచ్ కాలుతుంది, వైరు కరుగుతుంది. పైగా చాలా బండ్లలో ఫ్యాన్ వేసే ముందే ఈసీయూ రేసు కాస్త పెంచుకొని సిద్ధంగా ఉంటుంది. డైరెక్ట్ చేస్తే దానికి ఆ సంగతే తెలియదు. రాయచోటి దారిలో గువ్వలచెరువు ఘాటు ఎక్కేటప్పుడు ఆ అతుకు ఊడిందంటే ఇంక చెప్పేదేముంది?

స్లో స్క్రూ, అంటే ఐడ్లింగ్ రేసు పెంచే స్క్రూ. ఆ సలహా కార్బురేటర్ కాలంది. పాత మారుతి 800లో అది నడిచేది. ఇప్పటి థ్రాటిల్ బాడీ మీదున్న స్క్రూ ఫ్యాక్టరీ సెట్టింగు, ముట్టుకోవద్దు. థర్మోస్టాట్ అంటే ఇంజన్ వేడెక్కేదాకా కూలెంట్‌ను రేడియేటర్‌కు పోనీయని వాల్వు. దాన్ని పీకితే ఇంజన్ వేడెక్కేదానికి చాలాసేపు పడుతుంది, అంతసేపూ పెట్రోలు ఎక్కువ తాగుతుంది.

ఇక నీళ్లు. దారిలో కూలెంట్ కారిపోతే ఉన్న నీళ్లు పోసుకొని ఇల్లు చేరడం తప్పు కాదు, ఇంజన్ చల్లారినాకే మూత తీయండి. కానీ మన బోరు నీళ్లు ఎట్లాంటివో టీ గిన్నె అడుగున పట్టే తెల్లటి సున్నపు పొర చూస్తే తెలుస్తుంది. అదే రేడియేటర్ గొట్టాల్లోనూ పడుతుంది. కూలెంట్ తుప్పు పట్టనీయదు, మరిగే డిగ్రీ కూడా పెంచుతుంది.

ఎర్రగుంట్ల వైపు తిరిగే బండ్లకు బయట కూడా గండమే. సిమెంటు, నాపరాళ్ల దుమ్ము రేడియేటర్ ఫిన్లలో, అంటే సన్నటి రేకుల మధ్య, కూరుకుపోయి ఫ్యాన్ మాటిమాటికీ ఆన్ అవుతుంది. లోపలి వైపు నుంచి బయటికి నిదానంగా నీళ్లు కొట్టి కడగాలి. ప్రెషర్ గన్ దగ్గరగా పెడితే ఫిన్లు వంగిపోతాయి.

ఆ టాక్సీ అన్న డిక్కీలో పాత ఫ్యాన్ మోటారు అట్లే ఉంది. బ్యాటరీకి తగిలిస్తే చక్కగా తిరిగింది, కరెంటు 11 ఆంప్‌లు. "మరి నేను పెట్టిన డబ్బులు?" అన్నాడు. మోటారు స్పేర్‌గా దాచుకోమన్నా.